గజ్జె కట్టినవాళ్లకు రాజకీయం ఎందుకంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో ప్రోగ్రాములు ఇస్తున్నారు. కౌలు రైతుల మీద ఒక నృత్యరూపకం చేద్దామనుకుంటే మీ గురువుగారు "కళలోకి రాజకీయాలు తేవద్దమ్మా" అన్నారు. స్నేహితులేమో "రియల్ ఎస్టేట్ కంపెనీ బ్యానర్ కింద ఆడుతూ రైతుల గురించి ఏం చెప్తావ్?" అని నవ్వారు. అన్నీ డబ్బు మీదే నడిచే ఈ రోజుల్లో డాన్సర్‌కి రాజకీయంగా ఏమైనా పాత్ర ఉందా అని, రీల్స్ సంగతేంటని అడిగారు. రూపకం స్క్రిప్టు కూడా పంపారు.

ఉంది. అయితే మీరు దాన్ని ఇతివృత్తంలో వెతుకుతున్నారు. నేను పాతికేళ్లు పైబడి నట్టువాంగం (తాళాలు పట్టి, జతులు చెప్తూ నాట్యాన్ని నడిపించడం) చేస్తున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను, ప్రోగ్రాముల జమాఖర్చులు రాస్తున్నాను. ఎవరి డబ్బుతో, ఎవరి వేదిక మీద, ఏ షరతుకు ఒప్పుకుని ఆడుతున్నామన్న దగ్గరే మన రాజకీయం చాలావరకు తేలిపోతుందని నా అభిప్రాయం. ఏ కథ ఆడుతున్నామన్నది ఆ తర్వాతి మాట.

ముందు మీ గురువుగారి మాట తీసుకుందాం. కూచిపూడి వాళ్ల గురించి దొరికే పాత ప్రస్తావనల్లో మాచుపల్లి కైఫీయతు ఒకటి. కైఫీయతులంటే కాలిన్ మెకంజీ దొర ఊరూరా రాయించి పోగుచేసిన గ్రామ చరిత్రలు. అందులో చెప్పిన సంగతి విజయనగర సామ్రాజ్యం నాటిది. సిద్ధవటం సీమ ఏలుతున్న సమ్మెట గురవరాజు డబ్బు కట్టలేని ఇళ్లలోని ఆడవాళ్లను చిత్రహింసలు పెట్టించేవాడట. ఆ దారిన వెళ్తున్న కూచిపూడి భాగవతులు అది కళ్లారా చూశారు. తర్వాత విజయనగరం చేరి వీరనరసింహరాయల ముందు కేళిక (కొలువులో ఇచ్చే ప్రదర్శన) ఆడే అవకాశం దొరికినప్పుడు ఒకరు గురవరాజు వేషం, కొందరు భటుల వేషాలు, ఒకరు ఆడవేషం కట్టి ఆ హింసనే ఆడి చూపించారు. రాయలకు సంగతి తెలిసింది. సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి చంపించాడు.

ఇదంతా అక్షరాలా జరిగిందా లేదా అన్నది చరిత్రకారులు తేల్చుకుంటారు. మనవాళ్లు తరతరాలుగా గర్వంగా చెప్పుకునే కథ మాత్రం ఇదే. పన్ను వసూలు, ఆడవాళ్ల మీద హింస, పై అధికారికి ఫిర్యాదు, చర్య. ఇంతకు మించిన రాజకీయం ఏముంటుంది? కాబట్టి గురువుగారికి ఈ కథ మర్యాదగా గుర్తుచేయండి. బహుశా మీకు ఈ కథ చెప్పింది కూడా ఆయనే అయి ఉంటారు.

అయితే నేను ఈ కథలో చూసేది వేరే. భాగవతులు గురవరాజు ఉప్పు తిన్నవాళ్లు కాదు. అతని సీమలో చూసిన దాన్ని వేరొకరి కొలువులో చెప్పారు. గురవరాజే వాళ్లకు మాన్యం ఇచ్చి ఉంటే ఆ కేళిక ఆడేవాళ్లా? నాకు అనుమానమే. అన్నం పెట్టే చెయ్యి ఒక్కటే అయినప్పుడు కళాకారుడి నోరు మూతపడుతుంది. చేతులు నాలుగైదు ఉంటే ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర చెప్పే వీలుంటుంది.

మార్కెట్ వస్తే అదే జరుగుతుందని, రాజు పోయి టికెట్ కొనే వెయ్యి మంది వస్తారని, డాన్సర్‌కి స్వేచ్ఛ వస్తుందని అనుకున్నారు. ఏం వచ్చిందో లెక్క వేసి చూద్దాం. ఒక గంటన్నర సోలోకి గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్ లేదా ఫ్లూట్ కావాలి. మేకప్ ఆర్టిస్టు కావాలి. నగలు, పూలు, డ్రెస్ కుట్టుకూలి ఉంటాయి. ఆర్కెస్ట్రా రిహార్సల్‌కి వచ్చినప్పుడు ఆటో చార్జీలు, టిఫిన్లు. హాలు అద్దె కొన్నిసార్లు నిర్వాహకులే పెట్టుకుంటారు, కొన్నిసార్లు అదీ మన నెత్తినే. ఇంతా చేస్తే చేతికొచ్చేది ఒక శాలువా, ఒక మెమెంటో, ఫ్లెక్సీలో ఫోటో. (శాలువాల మీద నాకు కోపం లేదు. మా ఇంటి బీరువాలో ఒక అర వాటిదే.) కొన్ని చోట్ల తిరిగి మన దగ్గరే రిజిస్ట్రేషన్ ఫీజు అడుగుతారు. వందల మంది పిల్లల్ని స్టేడియంలో వరసగా నిలబెట్టి, తలా ఇంత వసూలు చేసి, చివర్లో సర్టిఫికెట్ పంచే కార్యక్రమాలు మీరూ చూసే ఉంటారు.

అంటే శాస్త్రీయ నృత్యంలో టికెట్ కొనే ప్రేక్షకుడు వచ్చిందే తక్కువ. డాన్సరే తనకు తాను పోషకురాలైంది. తన జీతమో, నాన్న జీతమో, భర్త జీతమో పెట్టి ఆడుతోంది. ఆ స్థోమత లేనివాళ్లు ఎంత బాగా ఆడినా రంగప్రవేశం దగ్గరే ఆగిపోతారు. మన వేదికల మీద ఎవరు కనిపిస్తారు, ఏ కులం, ఏ ఆదాయం వాళ్లు కనిపిస్తారు అన్నది ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఈ లెక్కే నిర్ణయించింది.

ఇక్కడ మీకు కొంచెం చేదుగా ఉండే మాట ఒకటి చెప్పాలి. మీకు ఐటీ జీతం ఉంది కాబట్టి "డబ్బు వద్దులెండి, అవకాశం ఇస్తే చాలు" అని మీరు అనగలరు. అది వినయం అనుకుంటారు. కానీ డాన్స్ క్లాసుల మీదే బతికే ఇంకో అమ్మాయి, అదే నిర్వాహకుడి దగ్గరికి వెళ్లి ఫీజు అడిగితే, "ఫలానా ఆవిడ ఫ్రీగా చేసింది కదా" అన్న జవాబు వస్తుంది. ఆ ఫలానా ఆవిడ మీరే. డబ్బు తీసుకోని ప్రతి ప్రోగ్రాంతో ఈ వృత్తి కూలిరేటు కొంచెం పడిపోతుంది. కౌలు రైతు గురించి మీరు ఇంకా ఒక్క అడుగు వేయకముందే చేసిన రాజకీయం ఇది.

మృదంగం ఆయన సంగతీ అంతే. ఖర్చు తగ్గుతుందని, ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద ఆడటం అలవాటైంది. పెన్‌డ్రైవ్‌కి భోజనం పెట్టక్కర్లేదు, అలసిపోదు, తాళం తప్పదు. నాతో ఏళ్ల తరబడి వాయించిన ఒకాయన ఇప్పుడు పగలు కొరియర్ ఆఫీసులో పనిచేసి సాయంత్రాలు ట్యూషన్లు చెప్తున్నారు. నేనూ ట్రాక్ వాడతాను, బడిపిల్లల ప్రోగ్రాములకు వేరే దారి లేదు. వాడినప్పుడల్లా ఎవరి కూలి మిగిలిందో తెలిసి వాడటం మంచిది.

స్పాన్సర్ల దగ్గర ఎలా ఉంటుందో కూడా చెప్తాను. ఒక పెద్ద హోటల్లో ఏదో కంపెనీ సభ. మా పిల్లల్ని పూర్తి ఆహార్యంలో, అంటే నాట్యం డ్రెస్, నగలు, మేకప్‌తో, గుమ్మం దగ్గర నిలబెట్టి, వచ్చినవాళ్ల మీద పూలు చల్లించారు. లోపల ఆడాల్సింది పన్నెండు నిమిషాలు. దాన్ని ఏడుకు కుదించమన్నారు, ఎందుకంటే చైర్మన్ గారి ఫ్లయిట్ టైమ్. మహిషాసురమర్దినిలో త్రిశూలం ఎత్తే క్షణానికి వెనక స్క్రీన్ మీద వాళ్ల కొత్త ప్రోడక్ట్ బొమ్మ రావాలన్నారు. అతిథులు బఫే దగ్గరుంటే మా పిల్లలకు జనరేటర్ పక్కన ప్యాకెట్లు ఇచ్చారు. డబ్బు మాత్రం చెప్పిన రోజుకే, చెప్పినంతా ఇచ్చారు. ఇది కూడా చెప్పకపోతే అన్యాయం. ఎందుకంటే 'సంస్కృతి సేవ' చేస్తున్నామని చెప్పే సంస్థల్లో చాలావాటి దగ్గర ఆ మాత్రం కూడా ఉండదు.

ఇప్పుడు సినిమా వైపు చూడండి. శాస్త్రీయ డాన్సర్లు గ్రూప్ డాన్సర్లను కాస్త తక్కువగా చూస్తారు. నిజానికి కూలీగా తమ స్థితి ఏంటో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు యూనియన్ ఉంది, కార్డు ఉంది, కాల్షీట్ ఎన్ని గంటలో, దానికి రేటెంతో రాసి ఉంటుంది. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచాలని షూటింగులు ఆపేసినప్పుడు డాన్సర్ల యూనియన్ కూడా అందులో ఉంది. రెండు వారాలకు పైగా సాగాక, మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం వరకు పెంచడానికి ఒప్పందం కుదిరింది. అడిగినంతా రాలేదు, నిజమే. కానీ కూచిపూడి, భరతనాట్యం కళాకారులందరం కలిసి మాకు ఇంత ఇవ్వాలని ఒక్కసారైనా అడిగామా? నాకు తెలిసి లేదు. మన దగ్గర రేటు మాట్లాడటమే సిగ్గు.

చట్టం కూడా మనల్ని ఎలా వేరు చేస్తుందో చూడండి. జీఎస్టీలో జానపద, శాస్త్రీయ కళల ప్రదర్శనకు తీసుకునే పారితోషికం లక్షన్నర మించకపోతే పన్ను మినహాయింపు ఉంది. సినిమా పాటలకు, ఈవెంట్లలో అలాంటి పాటలకు ఆడేవాళ్లకు ఆ మినహాయింపు లేదు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణ తర్వాత ప్రదర్శకుల హక్కులు బలపడ్డాయి. కానీ అదే చట్టం ప్రకారం, సినిమాలో అప్రధానంగా కనిపించి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో పేరు పడని మనిషి దాదాపు అన్ని విషయాల్లోనూ 'ప్రదర్శకుడు' కిందికి రాడు. హీరో వెనక మూడో వరసలో, మండుటెండలో, అదే స్టెప్పు ముప్పై టేకులు వేసిన అమ్మాయి చాలావరకు ఈ కోవలోకే వస్తుంది. తెలుగు పాట ఆస్కార్ గెలిస్తే దేశమంతా ఆ స్టెప్పు వేసింది. వెనక వరసలో వేసినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఈ 'గౌరవం' అనే గోడకు పాత చరిత్ర ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1947 చట్టం, మనకు 1988 చట్టం దేవదాసీలుగా అంకితమివ్వడాన్ని నిషేధించాయి. ఆ ఆచారం పోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దాంతో పాటే కళావంతుల (గుళ్లలో, కొలువుల్లో ఆడిన దేవదాసీ కుటుంబాల) ఇళ్లలో తరాలుగా ఉన్న విద్యకూ జీవనాధారం పోయింది. తర్వాత నటరాజ రామకృష్ణ గారి లాంటివాళ్లు ఆ పెద్దావిడలను వెతికి పట్టుకుని, ఆంధ్రనాట్యం పేరుతో ఆ విద్యకు మళ్లీ వేదిక ఇచ్చారు. విద్య నిలిచింది. దానితో బతికే హక్కు మాత్రం ఆ ఇళ్ల పిల్లలకు తిరిగి వచ్చింది తక్కువే.

మహారాష్ట్రలో 2005లో డాన్స్ బార్లు మూసేసినప్పుడు స్టార్ హోటళ్లను మాత్రం వదిలేశారు. అదే నృత్యం ఖరీదైన చోట కళ, చవక చోట అశ్లీలం. 2013లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ ఎనిమిదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన పిటిషనర్లలో బార్ డాన్సర్ల యూనియన్ కూడా ఉంది. మన కోస్తాలో సంక్రాంతికి రికార్డింగ్ డాన్సుల మీద దాడి జరిగినప్పుడు టీవీలో మొహం దాచుకునే అమ్మాయిలను చూసి మనం "ఛీ" అంటాం. వాళ్లదీ మనదీ ఒకే వృత్తి అని ఒప్పుకోవడం నాకు కూడా తేలిక కాలేదు.

మార్కెట్ వద్దనుకుంటే ఇంకో పోషకుడు ప్రభుత్వం. అక్కడ కథ మరీ ఒకే తీరుగా లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం జరిగింది. ప్రభుత్వ కార్యక్రమమే. కళాజాతాలు, అంటే ప్రచార కళాబృందాలు, ఊరూరా తిరిగి పాడాయి, ఆడాయి. రాత్రి బడుల వాచకంలో ఒక పాఠం సారా గురించి. దూబగుంట ఆడవాళ్లు చదువుకుని, మాట్లాడుకుని, సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. సర్కారు డబ్బుతో మొదలైన ఆటపాట సర్కారు ఆబ్కారీ ఆదాయానికే గండి కొట్టింది. పోషకుడి డబ్బు ఎటు పోతుందో పోషకుడికే తెలియని సందర్భాలు ఉంటాయి. మీలాంటి వాళ్లు వాటి కోసమే కాచుకుని ఉండాలి.

దీనికి వ్యతిరేక దిశలోనూ జరిగింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద గజ్జె కట్టి గొంతెత్తినవాళ్లకు రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థలో ఉద్యోగాలు ఇచ్చారు. సుమారు 550 మందికి నెల జీతం. ఆకలితో ఆడినవాళ్లకు జీతం రావడం చిన్న విషయం కాదు, దాన్ని వెక్కిరించేవాళ్లంటే నాకు చిరాకు. కానీ ఆ తర్వాత వాళ్ల పాటలు ఎక్కువగా ప్రభుత్వ పథకాల గురించే. గోచీ, గొంగడి, గజ్జెలతో రాజ్యాన్ని ఎదిరించిన గద్దర్ పేరు మీద 2025లో రాష్ట్ర ప్రభుత్వం సినిమా అవార్డులు ఇచ్చింది. 1972లో ఆయన విప్లవ కళాబృందం జననాట్యమండలి పెట్టిన రోజుల్లో ఈ మాట ఎవరైనా చెప్తే నవ్వేవారు.

ప్రభుత్వం ఇచ్చేది వేదిక అయితే ఇంకో రకం సమస్య. మల్లికా సారాభాయ్ కూచిపూడి, భరతనాట్యం రెండింటిలోనూ పేరున్న కళాకారిణి, పద్మభూషణ్. 2002 అల్లర్ల మీద గుజరాత్ ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించారు, 2009లో గాంధీనగర్‌లో అద్వానీ గారి మీద స్వతంత్రంగా పోటీచేసి ఓడిపోయారు. 2023 జనవరిలో ఆమె రామప్ప గుడిలో ఆడాల్సి ఉంటే కేంద్రం నుంచి అనుమతి రాలేదు. ప్రదర్శన వేరే చోటికి మార్చుకోవాల్సి వచ్చింది. ఆ గుడి శిల్పాలనూ, కాకతీయుల సేనాని జాయప రాసిన నృత్యగ్రంథాన్నీ పట్టుకునే ఆ కాలపు పేరిణి నాట్యాన్ని పునరుద్ధరించారు. రాతిలో నాట్యకత్తెలు ఉన్న గుడి అది. అక్కడ ఒక నర్తకి ఆడకూడదన్నారు. ఆరోజు ఆమె ఆడబోయే అంశం ఏంటన్నది నాకు తెలిసి ఎవరూ పెద్దగా చర్చించలేదు. ఎవరు ఆడుతున్నారన్నదే ప్రశ్న అయింది.

రీల్స్ గురించి కూడా అడిగారు కదా. అది కొత్త జమీందారు. అక్కడ మనం నెలల తరబడి ఉచితంగా ఆడతాం, డబ్బు ప్రకటనలవాళ్ల నుంచి కంపెనీకి పోతుంది. ప్రచారానికి వాడుకోండి. బతుకుతెరువు అని నమ్ముకోకండి.

ఇక మీరేం చేయాలి? మీ స్నేహితుల మాట సగం నిజం. రియల్ ఎస్టేట్ బ్యానర్ కింద కౌలు రైతు కథ ఆడితే ప్రేక్షకులు చప్పట్లు కొట్టి కారెక్కుతారు, కంపెనీకి మంచి పేరు వస్తుంది. అలాగని ఆ కథ మానుకోవద్దు. మీకు జీతం ఉంది కాబట్టి ఆ బ్యానర్ లేకుండా ఆడగలిగిన కొద్దిమందిలో మీరొకరు. గురవరాజు సీమ బయట మీకు అన్నం ఉంది. ఆ వెసులుబాటును ఉచిత ప్రోగ్రాముల మీద ఖర్చు పెట్టకండి, ఈ రూపకం మీద పెట్టండి.

సిటీలో ఎవరైనా పిలిస్తే ముందు ఫీజు అడగండి. మాటల్లో కాదు, మెయిల్లో. మీకు అవసరం లేకపోయినా అడగండి, తీసుకుని మృదంగానికో గాత్రానికో ఇంకొంచెం ఎక్కువ ఇవ్వండి. గ్రూపులో ఆడే ప్రతి అమ్మాయికీ ఎంతో అందులోనే విడిగా రాయండి. ఆహ్వానపత్రంలో ఆర్కెస్ట్రా పేర్లు కూడా వేయమనండి. సొంతంగా స్కూల్ పెట్టి పది మంది పనిచేసే స్థాయికి వస్తే, 2013 చట్టం చెప్పినట్టు లైంగిక వేధింపుల మీద అంతర్గత ఫిర్యాదుల కమిటీ వేయండి. గురుశిష్య సంబంధంలో ఇవన్నీ ఎందుకంటారు కొందరు. ఆ సంబంధంలోనే ఎక్కువ అవసరం.

రూపకం విషయానికొస్తే, మీరు పంపిన స్క్రిప్టులో ఎండిన చేను, ఏడుపు, ఉరితాడు ఉన్నాయి. అవి చాలామంది చేశారు. ఏపీలో 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. యజమానికేమో సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయం. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం కష్టం. ఆ సంతకం కోసం మనిషి యజమాని గుమ్మం చుట్టూ తిరగడం చూపించండి. ఎడమ చేత పతాకం (చాచిన అరచేయి), కుడి చేత హంసాస్యం (బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపిన ముద్ర) పడితే కాగితం మీద రాసినట్టే కదా. భామాకలాపంలో సత్యభామ కృష్ణుడికి లేఖ రాసే హస్తాలతోనే ఆ దరఖాస్తు రాయించండి. యజమాని చేయి హంసాస్యం దాకా వచ్చి, విడిపోయి, మళ్లీ ఖాళీ పతాకమే మిగలాలి. కూచిపూడి తెలిసినవాళ్లకే కాదు, పట్టాదారు పాసుపుస్తకం కోసం ఆఫీసు మెట్లెక్కిన ఎవరికైనా అర్థమవుతుంది. సంచారీలో (ఒకే భావాన్ని రకరకాలుగా విస్తరించి అభినయించే చోట) మూడు సార్లు తిప్పండి, ప్రతిసారీ యజమాని చెప్పే సాకు మారాలి.

మొదట దాన్ని రవీంద్రభారతిలో కాకుండా కౌలు ఎక్కువగా ఉన్న డెల్టా ఊళ్లో ఆడండి. ఆడాక మైకు వాళ్లకు ఇచ్చి తప్పులు చెప్పమనండి, చెప్తారు. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ కుదరదు కాబట్టి ఏడింటికే మొదలుపెట్టండి. పోలీసు అనుమతి, పంచాయతీ అనుమతి ముందే కాగితం మీద తీసుకోండి. తేదీ మాత్రం కోతల్లో పెట్టుకోకండి, ఆ రోజుల్లో మీరు ఎవరి కథ చెప్తున్నారో వాళ్లు రాత్రి కూడా కళ్లం దగ్గరే ఉంటారు.